మా అక్క ఒడ్డుకు చేరింది

మే 20, మంగళవారం

మళ్లీ ఆగిపోయింది. పొద్దున మొదలుపెట్టిన అప్‌గ్రేడ్ మధ్యాహ్నం దాకా బుద్ధిగా సాగింది. ఇక గట్టెక్కినట్టే అనుకుని క్యారేజీ విప్పానో లేదో, ఎర్రగా నిలబడిపోయింది. అన్నం ముందు పెట్టుకుని దాన్ని నోరారా తిట్టాను. ఈ తుఫాను షెల్టరు మేడ మీద తిట్టించుకోవడానికి నాకు ఈ సర్వరు తప్ప ఇంకెవరున్నారు.

కేకలు విని మత్స్యకారుల సంఘం సెక్రటరీ పెంచలయ్య మామ మెట్లెక్కి వచ్చాడు.

"ఏం పాపా, అయిపొయ్యిందా?"

"అయిపొయ్యుంటే అరుస్తానా మామా?"

కుర్చీలో కూలబడి, అసలు దానికేం రోగమో తనకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాడు. చెప్పాను. కబుర్లు అందుకోవడానికి మన పడవల్లో పెట్టిన డబ్బాలకు ఒక్కోదానికి ఒక పేరు, ఒక నంబరు ఉంటాయి. పడవ పేరే డబ్బా పేరు. సర్వరులో డీఎన్ఎస్ అనే పేర్ల చిట్టా ఆ రెంటినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. పేరు అడిగితే నంబరు చెప్పాలి. ఆ నంబరు అడిగితే తిరిగి అదే పేరు చెప్పాలి. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కే ముందు ఒక్కో పడవనూ ఇలా అటూ ఇటూ అడిగి చూస్తుంది. ఒక్కదాని దగ్గర తేడా వచ్చినా మొరాయిస్తుంది.

"పెండ్లి సంబంధం మాదిరి రెండు పక్కలా విచారిస్తాదన్నమాట," అన్నాడు మామ. "మరి యాడ కుదర్లేదంటా?"

"చూస్తుండా మామా."

ఆయనకు కావలసింది ఒక్కటే. వేట నిషేధం ముగిసి, జూన్ పదిహేను తెల్లవారి పడవలు నీళ్లలో దిగేలోగా కొత్తది ఎక్కాలి. ఆ తేదీ దాటితే పాతది పనిచేయదని కంపెనీవాళ్లు ఎప్పుడో చెప్పేశారు. అది ఆగిపోతే, వాయుగుండం వచ్చినా ఇక్కడి నుంచి పడవలకు కబురు పోదు.

"ఈ ఊళ్లో ఇంకోసారి అట్ట జరగకూడదు పాపా," అన్నాడు. అని, నా ముఖం చూసి, గబగబా మెట్లు దిగిపోయాడు.

డిస్కులో చోటు చాలక ఆగి ఉంటుంది. రేపు పాత ఫైళ్లు తీసేస్తాను. ఎర్ర అక్షరాల కింద ఏదో పడవ పేరు కూడా ఉంది. నేను చదవలేదు.

మే 21

డిస్కు కాదు.

మే 23

సర్వరు గడియారం కాస్త వెనకబడి ఉంది. దొంగ దొరికిందనుకున్నాను. సరిచేసి మళ్లీ మొదలుపెట్టాను. సరిగ్గా అక్కడికే వెళ్లి ఆగింది.

ఇక తప్పక ఫ్రెడ్డీకి ఫోన్ చేశాను. సాఫ్ట్‌వేరు కంపెనీ తరఫున నెల్లూరులో కూర్చుని మా లాంటి వాళ్ల చేత తిట్లు తినే ఇంజనీరు. ఎంత అరిచినా "అలాగే అక్కా" అంటాడు. ఎదుటివాడు తిరిగి అరవకపోతే మనకు మాత్రం ఎంతసేపని ఊపు ఉంటుంది. లాగ్ ఫైలు పంపమన్నాడు. పంపాను. ఒక్క లైను తీసేసి పంపాను.

మధ్యాహ్నం తిరిగి ఫోన్ చేశాడు.

"అక్కా, ఎర్రర్ దగ్గర ఒక లైను లేదు. మాయమైపోయింది."

"సముద్రం పక్కన ఉండాం గదా ఫ్రెడ్డీ, గాలికి కొట్టుకుపొయ్యుంటది."

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో. వెంటనే సిగ్గేసింది.

మే 26

సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అమ్మ అడుగుతుంది. "అట్టనే ఉండాడా?"

"ఉండాడమ్మా."

అప్పుడు కంచాలు పెడుతుంది. ఆ మాట వినందే మా ఇంట్లో ఎవరికీ అన్నం లేదు.

ఉన్నది మా తమ్ముడు చిన్నా కాదు, వాడి పడవ పేరు. ఆఫీసు స్క్రీను మీద ఊళ్లో పడవలన్నిటి మధ్యా బూడిద రంగులో 'మా అక్క' అని ఉంటుంది. పక్కన 'సందేశం అందింది' అని ఉంటుంది. నిరుడు కార్తీకంలో గాలి మొదలైనప్పుడు "వెంటనే తిరిగి రండి" అని నేనే ఇక్కడి నుంచి పంపాను. వాడు పడవలో బటను నొక్కాడు. 'అందింది' అని ఇక్కడ పడింది. ఆ తర్వాత ఇంకేమీ పడలేదు. పడవ తిరగబడిందట. తోడు వెళ్లిన ఆనందబాబు ప్లాస్టిక్ క్యాను కరిచిపట్టుకుని తేలుతుంటే మర్నాడు ఎవరో ఎక్కించుకుని ఒడ్డున దించారు. తిరగబడ్డ పడవ మీద చిన్నా బోర్లా పడుకుని పట్టుకుని ఉండగా చూశానన్నాడు. కెరటాలు ఇద్దర్నీ చెరో పక్కకు లాగేశాయి. పడవ దొరకలేదు. వాడూ దొరకలేదు.

పడవకు ఆ పేరు పెట్టినప్పుడు వెన్నెల ఎంత అలిగిందని. కొత్త పెళ్లికూతురు, తన పేరు రాయిస్తాడని ఆశపడింది. "అమ్మ చేపల గంప ఎత్తుకుని పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. ముందు దాని పేరు. రెండో పడవకి నీ పేరేలే," అని వాడు బతిమాలాడు. రెండో పడవ కొనేటంత కాలం తనకుందనుకున్నాడు పిచ్చినాయన.

ఈ రోజు ఊరి పెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చారు. వాళ్లు రావడం చూడగానే ఎందుకో తెలిసిపోయింది. సముద్రం తిరిగి ఇవ్వని మనిషికి కర్మ జరిగేదాకా, ఇసకలో వాడి పడవ నిలిచే చోటు ఖాళీగా వదిలేస్తారు మా వాళ్లు. ఎంత ఇరుకైనా ఇంకొకరు అక్కడ పడవ పెట్టరు. గంగమ్మకు మొక్కి పడవలు దించేలోగా ఆ కర్మ జరిపించేస్తే మేలని చెప్పడానికి వచ్చారు. అమ్మ నేల చూపులు చూస్తూ కూర్చుంది. వెన్నెల తడిక పక్కన నిలబడి నా వైపు చూసింది. నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా బొట్టు. ఆ చూపు నాకు అర్థమైంది. ఒప్పుకోవద్దు వదినా అని అడుగుతోంది.

"కంప్యూటర్లో పేరు ఉండాది. పేరు ఉండంగా కర్మ ఏంది?" అన్నాను.

పెద్దవాళ్ల మీద అలా గొంతు లేపడం తప్పే. అయినా ఆ పిల్ల కోసం అన్నాను, నా కోసం కాదు. వాళ్లు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

మే 28

ఫ్రెడ్డీ పట్టేశాడు. నెల్లూరు నుంచే మా సర్వరులోకి వచ్చి చూశాడట.

"అక్కా, 'మా అక్క' అని ఒక పడవ ఉంది. ఆ పేరు అడిగితే ఒక నంబరు చెబుతోంది. తీరా ఆ నంబరు అడిగితే 'శాంతి' అనే పడవ పేరు చెబుతోంది. అసలు గొడవ ఇదే. పాతదాన్ని తీసేయండి. క్షణంలో పని."

శాంతి ఆనందబాబు పడవ. ఒడ్డున పడ్డాక ఇంకొకరితో కలిసి కొనుక్కున్నాడు.

ఫ్రెడ్డీ చెప్పేది నాకు తెలియదా. చాలాకాలం పలకని డబ్బాల పేర్లను డీఎన్ఎస్ తనంతట తానే చెరిపేస్తుంది. చిన్నా పేరును అలా చెరపనివ్వకూడదని, తుఫాను వెళ్లిన వారంలోనే నేను దాన్ని చేత్తో రాసి, కదలకుండా పెట్టేశాను. వాడు ఏ ఒడ్డుకు కొట్టుకుపోయినా, ఎక్కడ డబ్బా మళ్లీ వెలిగినా, తన పేరు తనకు ఉండాలి కదా. నంబరు సంగతి అప్పుడు తట్టలేదు. ఖాళీగా ఉందని ఆ నంబరును సిస్టమే తీసుకెళ్లి ఆనందబాబుకు ఇచ్చేసింది. దానికేం తెలుసు.

"తీసేస్తే ఆ పడవకి సంబంధించినవన్నీ పోతాయా?" అని అడిగాను, తెలిసి తెలిసి.

"పోతాయక్కా. పాత మెసేజిలు, జవాబులు అన్నీ పోతాయి. పనికొచ్చేవేమన్నా ఉన్నాయా అందులో?"

ఫోన్ పెట్టేశాను.

మే 29

తీయను.

మే 31

తీయకుండానే దారి దొరికింది. నిన్న రాత్రంతా ఇంత చిన్న విషయానికా ఏడ్చాను అనిపించింది. వాడి పేరుకు ఇంకో కొత్త నంబరు ఇచ్చాను, ఎవరికీ లేనిది. పేరు అడిగితే నంబరు, నంబరు అడిగితే పేరు, రెండూ సరిగ్గా చెప్పింది. హమ్మయ్య అని మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి ఇంకో మెలిక. పేరుంది, నంబరుంది, పిలిస్తే అక్కడ పలికేవాళ్లెవరూ లేరు అంటోంది.

ఆ సంగతి నాకు ఒక సాఫ్ట్‌వేరు చెప్పాలా?

జూన్ 3

ఆనందబాబు వచ్చాడు. వాడి డబ్బా ఛార్జింగు పట్టడం లేదు. వదులైన వైరు బిగించి ఇచ్చాను. అంతసేపూ స్క్రీను వైపు వీపు పెట్టి, కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాడు. తుఫాను తర్వాత వాడు నాతో మాట్లాడటమే అరుదు. బతికి వచ్చినందుకు మా ఇంటి ముందు నుంచి నడవడానికి కూడా మొహమాటపడతాడు.

కిటికీలోంచి పడవలన్నీ కనిపిస్తాయి. వరసగా నిలబెట్టి, వలలు కప్పి ఉన్నాయి. మధ్యలో చిన్నా చోటు ఖాళీ. ఆనందబాబు పడవ శాంతి మాత్రం దూరంగా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒంటరిగా ఉంది. అక్కడ పోటు తగ్గి పాటు వచ్చిన ప్రతిసారీ నీళ్లు కింద ఇసకను తవ్వేస్తాయి. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఆడ నిలవదు గదరా నీ పడవ," అన్నాను.

"చోటు లేదు గదక్కా," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

డబ్బా చంకలో పెట్టుకుని, మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అక్కా, సాఫ్ట్‌వేరు ఎక్కలేదని మామ చెప్పినాడు. ఈసారి గాలొస్తే మాకు కబురొస్తాదా?"

"వస్తాది. ఎందుకు రాదు?"

"ఆ పొద్దు నీ మెసేజి చూసే వలలు కోసేసి తిరుక్కున్నాం అక్కా. లేకుంటే నేను కూడా..."

మిగతాది చెప్పకుండా దిగిపోయాడు. వాడికి ఇంట్లో చంటిబిడ్డ. నేను వాడికి అబద్ధం చెప్పి పంపాను.

జూన్ 4

పెంచలయ్య మామ ముఖం తప్పించుకుని వెనక మెట్ల నుంచి వచ్చాను. సర్వరు దుమ్ము తుడిచాను. ఇంకేమీ చేయలేదు.

జూన్ 6, శుక్రవారం

నా అంత తెలివైనది ఈ జిల్లాలో ఉండదు.

పలికేవాళ్లు కావాలంది కదా. బీరువాలో అదనంగా ఒక డబ్బా ఉంది, ఎప్పుడైనా ఎవరిదైనా చెడిపోతే పెట్టడానికి. దాన్ని తీసి, నా బల్ల కింద పెట్టి, ఛార్జరుకు తగిలించాను. దానికి చిన్నా పడవ పేరు పెట్టాను, కొత్త నంబరు ఇచ్చాను. సాఫ్ట్‌వేరు అడిగింది. డబ్బా పలికింది. పరీక్షలన్నీ ఒకదాని వెనక ఒకటి పాసైపోయాయి, చివరిదాకా. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు.

బల్ల కింద చిన్న లైటు మిణుకుమిణుకుమంటోంది. కాలికి వెచ్చగా తగులుతోంది.

పేరు పోలేదు, 'అందింది' పోలేదు, ఊరికి సాఫ్ట్‌వేరూ వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. రేపు ఎక్కించేస్తాను. పెంచలయ్య మామకు చెబితే చిన్నపిల్లాడిలా చేతులెత్తి గంగమ్మకు దణ్ణం పెట్టాడు. ఇంటికి వెళ్లి, "ఉండాడమ్మా" అని అమ్మ అడగకముందే చెప్పాను.

జూన్ 7

ఈ రోజు గురించి రాయలేను.

జూన్ 9

రాయకపోతే లోపలే తిరుగుతోంది. రాసేస్తాను.

శనివారం మధ్యాహ్నం సర్వరు మీద కొత్తది ఎక్కింది. ఇక పడవల డబ్బాలకు ఒక్కోదానికీ పంపడమే మిగిలింది. స్క్రీను ఆరి, వెలిగింది. కొత్త రంగులు, కొత్త అక్షరాలు. పడవల పేర్లన్నీ వరసగా వచ్చాయి. 'మా అక్క' కూడా వచ్చింది. బూడిద రంగులో కాదు, ఆకుపచ్చగా. పక్కన 'ఒడ్డుకు చేరింది' అని ఉంది.

చూడగానే నా గుండె కూడా ఒక్క క్షణం నమ్మింది. బల్ల కింద డబ్బాను నా చేతులతో పెట్టిన దాన్ని, నేనే నమ్మాను.

అప్పుడు గుర్తొచ్చింది. పడవ ఒడ్డుకు చేరగానే ఆ ఇంటి ఫోన్లకు మెసేజి పోవడం ఈ కొత్తదాంట్లో పెట్టారు. ఆడవాళ్లు ఒడ్డున పడిగాపులు పడే పని తప్పుతుందని మన సంఘమే అడిగి పెట్టించుకుంది. ఆ ఉత్తరం రాసింది కూడా నేనే. సముద్రంలో ఆగిపోయిన పేరు ఇప్పుడు నా బల్ల కింద, ఒడ్డున పలికింది. వైరు లాగేసి డబ్బా ఆపేశాను. అప్పటికే పోయింది.

కిటికీ దగ్గరకు పరిగెత్తాను. అమ్మ మా వీధి మలుపులో కనిపించింది. చెప్పులు లేవు. ఎండకు ఇసక నిప్పులా ఉండే వేళ. చేతిలో వాడి పొడి తువ్వాలు. "చిన్నా వచ్చినాడంట! నా బిడ్డ వచ్చినాడంట!" అని అరుస్తూ పరిగెడుతోంది. వెనక జనం. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఆనందబాబు మొగ దగ్గర నుంచి పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. అందరూ వచ్చి ఆ ఖాళీ చోటు చుట్టూ నిలబడ్డారు. అక్కడ ఏమీ లేదు. అమ్మ నీళ్లవైపు చూసింది, పడవల వెనక చూసింది, మళ్లీ నీళ్లవైపు చూసింది. తర్వాత తువ్వాలు ఒళ్లో పెట్టుకుని ఆ చోట్లోనే కూర్చుండిపోయింది.

నేను దిగి వెళ్లాలి. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను.

వెన్నెల ఒడ్డుకు పోలేదు. చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు దగ్గర నిలబడి గది అంతా చూసింది. బల్ల కింద డబ్బా చూసింది. వైరు చూసింది.

"ఇదేనా వదినా?"

తల ఊపాను.

వచ్చి దాని పక్కన నేల మీద కూర్చుంది. డబ్బా మీద చెయ్యి పెట్టి, "ఇంకా వెచ్చగానే ఉండాదే," అంది.

నన్ను కొట్టమన్నాను. తిట్టమన్నాను. ఆ పిల్ల నా మాట వినలేదు.

"మెసేజి చూడంగానే నేనేం చేసినానో తెలుసా వదినా? పొయ్యి మీద నీళ్లు పెట్టినా. వచ్చీరాంగానే ఒంటికుండే ఉప్పంతా పొయ్యేదాకా పోసుకుంటాడు గదా. అత్త పరిగెత్తింది. నేను మాత్రం నీళ్ల దగ్గరే నిలబడినా. కాగినాయి. దించి చన్నీళ్లు కలిపినా. సబ్బు కూడా తీసిపెట్టినా." డబ్బా మీద నుంచి చెయ్యి తీసింది. "ఆ నీళ్లు అట్టనే ఉండాయి వదినా. ఏం చెయ్యాల వాటిని?"

నేను ఆ పిల్లను పట్టుకుని ఏడ్చాను. తుఫాను తర్వాత మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదలు. అంతవరకు ఎవరి గదిలో వాళ్లు ఏడ్చేవాళ్లం, ఒకరికొకరు వినపడకుండా.

"నీ కోసరమే వెన్నెలా, ఆ పేరు తియ్యలేదు. నువ్వు పొద్దున్నే అద్దం ముందర నిలబడి బొట్టు పెట్టుకుంటుంటే, ఏ మొగంతో తీసేది?"

నా వైపు వింతగా చూసింది.

"నీ కోసరమే గదా వదినా నేను పెట్టుకుంటుండేది. నేను తుడిచేస్తే నువ్వు పేరు తీసెయ్యాల్సొస్తాది. పెంచిన దానివి, తట్టుకోలేవని. ఆ పొద్దు పెద్దోళ్లొస్తే నీ వంక చూసినా గదా, సరే అను వదినా అని చూసినా. నువ్వు వాళ్ల మీదకే లేసినావు."

ఇదీ సంగతి. నేను దాని బొట్టు చూసి పేరు ఉంచాను. అది నేను ఉంచిన పేరు చూసి బొట్టు ఉంచుకుంది. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తింటూ, ఒక్క మాట అడుక్కోలేదు.

అమ్మను పెంచలయ్య మామ, ఆనందబాబు చెరో రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చారు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. మందు రాశాను. ఆ సాయంత్రం అట్టనే ఉండాడా అని అడగలేదు.

జూన్ 10

ఫ్రెడ్డీ ఫోన్. "సర్వరు ఎక్కింది కానీ అక్కా, పడవల డబ్బాలకు పోకుండా ఆగింది. మళ్లీ అదే పేరు, పలకడం లేదంటోంది." గొంతు తగ్గించి అన్నాడు. "పెంచలయ్య గారు చెప్పారక్కా. నాకు తెలియక ఆ రోజు, పనికొచ్చేవేమన్నా ఉన్నాయా అన్నాను. మనసులో పెట్టుకోవద్దు. తొందరేం లేదు, మీ వీలు చూసుకునే చేయండి."

తొందర ఉందని అతనికీ తెలుసు. అయినా అలా అన్నాడు.

పెద్దల దగ్గరకు నేనే వెళ్లాను. క్షమించమన్నాను. కర్మ గురువారం అన్నారు.

జూన్ 12, గురువారం

అయింది.

వాడి నీలం చొక్కా, వల కుట్టే సూది గుడ్డలో చుట్టి మనిషికి చేసినట్టే అన్నీ చేశారు. వెన్నెల గాజులు పగలగొట్టనివ్వలేదు. ఎవరి చెయ్యీ పడనివ్వకుండా ఒక్కొక్కటీ తనే తీసి అమ్మ ఒళ్లో పెట్టింది. ఆడవాళ్లు ఏదో అనబోతే అమ్మ కళ్లెత్తి చూసింది. నోళ్లు మూతపడ్డాయి.

తమ్ముడా, నీకు ఈత నేర్పింది నేనేరా.

జూన్ 13

వెన్నెల ఆఫీసుకు వస్తానంది. నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. 'మా అక్క' ఇప్పుడు ఎర్రగా ఉంది, పలకడం లేదని. పాత సందేశాలు తెరిచి చూపించాను. 'వెంటనే తిరిగి రండి' నాది. 'అందింది' వాడిది.

"ఆయన నొక్కిందేనా ఇది?"

"వాడే."

చీర కొంగుతో స్క్రీను తుడిచింది. దుమ్మేమీ లేదు. "ఫోటో తీసుకోమంటావా?" అని నేను ఫోను తీశాను. వద్దంది. తీస్తే ఇద్దరం రోజూ దాన్నే చూస్తూ కూర్చుంటామంది.

తొలగించమంటావా అని సాఫ్ట్‌వేరు అడిగింది. అవును అన్నాను. నిజంగానా అని మళ్లీ అడిగింది. అన్నిటికీ రెండుసార్లు అడగడం దానికి అలవాటు. వెన్నెల నా చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరిలో ఎవరు నొక్కామో తెలియదు. పేరు పోయింది. కింద ఉన్న పేర్లు ఒక్కో మెట్టు పైకి జరిగాయి. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు. ఇంత చప్పుడు లేకుండా పోతుందనుకోలేదు.

అప్‌గ్రేడ్ ఆగిన దగ్గర నుంచి కదిలి, సాయంత్రానికి పడవలన్నిటికీ చేరింది. పరీక్ష కోసం అందరికీ సందేశం పంపాను. ఒడ్డున పడవల్లో కూర్చున్న వాళ్లు బటన్లు నొక్కారు. అందింది, అందింది, అందింది అని పడుతూ వచ్చాయి. అన్నిటికంటే ముందు శాంతి. నేను తలుపు దగ్గరకు వేసుకుని, తలను బల్లకు ఆనించుకున్నాను.

జూన్ 15, ఆదివారం

తెల్లవారకముందే పడవలు దిగాయి. గంగమ్మకు కొబ్బరికాయలు, పసుపు నీళ్లు, డప్పులు. నేను మేడ మీద నుంచే చూశాను. వెళ్లిన ప్రతి పడవా స్క్రీను మీద కదిలింది.

నిన్న ఒక సంగతి జరిగింది, రాయలేదు. అమ్మ బొబ్బల కాళ్లతోనే మొగ దాకా నడిచి వెళ్లి ఆనందబాబును పిలుచుకొచ్చింది. ఖాళీ చోటు చూపించి, "ఇంక ఈడ పెట్టుకోరా నాయనా నీ పడవ. ఆడైతే ఒరిగిపోతాది," అంది. వాడు ఇసకలో మోకాళ్ల మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు. అమ్మ వాడి తల నిమిరి, "లెయ్యి, పొద్దు పోతుండాది," అంది. పదిమంది కలిసి శాంతిని లాక్కొచ్చి అక్కడ నిలబెట్టారు. అమ్మ కూడా ఒక చెయ్యి వేసింది.

ఈ రోజు సాయంత్రం పడవలన్నీ తిరిగి వచ్చేదాకా ఆఫీసులోనే ఉన్నాను. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. వెన్నెల చేపలు కడుగుతోంది. ఆనందబాబు ఇచ్చి వెళ్లాడట. అమ్మ పొయ్యి దగ్గర, అటు తిరిగి ఉంది. అలవాటు కొద్దీ అడిగేసింది.

"అట్టనే ఉండాడా?"

వెన్నెల చేతులు ఆగిపోయాయి. అమ్మ కూడా కదల్లేదు. అడిగాక తెలిసినట్టుంది, ఏం అడిగిందో.

ఇన్ని నెలల్లో నేను ఆ మాట ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఈ డైరీలో కూడా రాయలేదు.

"లేడమ్మా," అన్నాను.

అమ్మ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మిగతా బిడ్డలు?"

"అందరూ వచ్చినారమ్మా. అందరూ ఒడ్డునే ఉండారు."

"అయితే రా," అంది అమ్మ. "కంచం తెచ్చుకో."